ఆగమన్నారు, అంతే

గురువారం, పొద్దు గుంకాక

మా తమ్ముడు ఆదెప్ప ఆ నాలుగు రోజులు స్టేషన్ లెక్కలో ఎక్కడున్నాడో చెప్పండి అని పదకొండేళ్ళుగా అడుగుతున్నాను. ఇంతవరకు చెప్పిన మనిషి లేడు.

స్టేషన్‌కి రమ్మన్నారు, పోయాడు. నాలుగు రోజులు బల్ల మీద కూర్చోబెట్టి ఐదో రోజు పొమ్మన్నారు. ఆ మధ్యలోనే అతని నీళ్ళ వంతు వచ్చిపోయింది. మన సుంకులపాయ ఊరి సంగతి అందరికీ తెలిసిందే. తూము అరచేతిని చూసి తెరుచుకుంటుంది. వంతు ఎవరిదో వాళ్ళ అరచెయ్యే ఆ తెల్లవారుజామున తూము మీద పడాలి. పడకపోతే ఆ ఏడాదికి నీళ్ళు పోయినట్టే. ఆదెప్ప నీళ్ళ ఆఫీసుకి పోతే "అరెస్టు కాగితం తెచ్చుకో, వంతు ఆపి ఇస్తాం" అన్నారు. స్టేషన్‌కి పోతే "నిన్నెవరు అరెస్టు చేశారు? ఆగమన్నాం, అంతే. కాగితమెక్కడిది?" అన్నారు. ఈ గడపకీ ఆ గడపకీ తిరిగేసరికి చేను ఎండింది. ఆ ఏడే క్వారీకి పోయాడు. అక్కడినుంచి శవమే వచ్చింది.

ఇదంతా దొడ్డి రాతపెట్టెకు ఎందుకు చెప్తున్నానంటే, దొడ్డి నా చేతిలో ఉంది కాబట్టి. నేను కదిరప్పను, బందెలదొడ్డి కాపరిని. మా తాత కాలంలో ఇందులో గొడ్లు ఉండేవి. పరాయి చేలో పడిన ఆవునో ఎద్దునో పట్టి తెచ్చి కట్టేసేవాళ్ళు. ఇప్పుడు గొడ్లూ లేవు, గడ్డీ లేదు. దారి తప్పిన దుక్కి యంత్రాలు, మూటలు మోసే నడక బండ్లు, బుద్ధి చెడి కనబడిన చేనల్లా తొక్కే కలుపు యంత్రాలు వస్తాయి. పద్ధతి మాత్రం పాతదే. నాకు చదువు మూడో తరగతితో సరి. నేను చెప్తే పెట్టె రాస్తుంది. నా యాస చక్కదిద్ది రాయమన్నాను. కోపం మాత్రం చక్కదిద్దవద్దన్నాను.

ఈ రోజు వచ్చింది ఒక్కటే. సాయంత్రం మా కోడలు కుళ్ళాయమ్మ ఒక నాలుగు కాళ్ళ యంత్రాన్ని తాడు కట్టి ఈడ్చుకొచ్చింది. నా కొడుకు సిద్దేశు ఆనకట్ట పూడిక పనికి పోయాడు, వానల దాకా రాడు. అరెకరా కొర్ర చేను ఆమె ఒక్కతే చూసుకుంటోంది. యంత్రం ఒళ్ళంతా కాలువ బురద. తలకు గోనెసంచి.

"మామా, తలుపు తియ్. ఈ పీనుగు నా కొర్రంతా తొక్కేసింది. పైరు సాప సుట్టినట్ల సుట్టుకపోయింది."

"తలకు సంచి ఎందుకమ్మా?"

"కండ్లు కనపడకపోతే నిలబడతాదని. గొడ్డయినా అంతే కదా. నిలబడ్నాక పార తిప్పి నాలుగు పీకినా. పడుకునింది."

కాపరి అడగవలసినవి మూడు. ఎక్కడ దొరికింది, ఏం పాడు చేసింది, ఎవరు తెచ్చారు. ఎవరిది అని మాత్రం అడగకూడదు. అడిగితే రెడ్డిగారి గొడ్డుకు ఒక తాడు, పేదవాడి గొడ్డుకు ఒక తాడు అవుతుందని మా తాత చెప్పేవాడు. అందుకని బురద కింద ఏ ముద్ర ఉందో చూడకుండానే లోపల పెట్టేస్తాం. సొంతదారుడే వచ్చి వాకిట్లో నిలబడి "ఇది మాది, పాడు చేసినదానికి నష్టం కట్టి తోలుకుపోతాను" అని నోరు తెరిచి చెప్పాలి. పెట్టె వినాలి. మూడు సాయంత్రాలు నేను ఊరికి కేక వేస్తాను. మూడో కేకకీ ఎవరూ రాకపోతే వేలం. అప్పుడు మాత్రమే ఈ పద్దంతా ఊరి పలక మీద పడుతుంది, అందరూ చదువుతారు. అందాకా లోపల ఉన్నదానికి మేత పెట్టాలి, ఒళ్ళు కడగాలి. యంత్రానికి మేత అంటే ఎండే.

రేపు శుక్రవారం మొదటి కేక. ఆదివారం మూడోది. సోమవారం తెల్లవారుజామున కుళ్ళాయమ్మ నీళ్ళ వంతు. తొక్కుడు పోగా మిగిలిన కొర్రకు ఆ నీళ్ళే దిక్కు.

శుక్రవారం, ఎండ గంటకు ముందు

పొద్దున్నే యంత్రాన్ని ఎండలో నిలబెట్టి, సంచి తీసి, బురద కడిగాను. కాసేపటికి తల ఎత్తింది. కన్ను ఒకటి పగిలి ఉంది. రెండోది నన్ను చూసింది.

"దయచేసి ఆగండి. మీరు అరెస్టులో లేరు. దయచేసి ఆగండి."

నేను ఆగాను. డెబ్బై దాటినవాణ్ణి, నా దొడ్డి, నా చేతిలో నా చీపురు, నేనే ఆగాను. తర్వాత సిగ్గేసి దాని మొహాన ఇంకో చెంబు నీళ్ళు కొట్టాను. అప్పటికే అర్థమైంది. అది స్టేషన్ వాకిట్లో నిలబడే కావలి కుక్క.

దానికి ప్రాణం రాగానే స్టేషన్‌కి కబురు పోయినట్టుంది. చీపురు గోడకు ఆనించేలోపల హెడ్డు కానిస్టేబులు మద్దిలేటి దిగాడు. వాళ్ళ నాయన, నేను ఒకే చేలో కలుపు తీసినవాళ్ళం.

"ఏం పెద్దనాయనా, స్టేషన్ కుక్కనే అరెస్టు చేసినావే! గట్టోనివే."

"అరెస్టు చెయ్యలా. ఆగమన్నా, అంతే."

వాడు నవ్వలేదు. "తలుపు తియ్. తోలుకపోతా."

"తోలుకపో. ఇది మాది, కొర్ర తొక్కింది, నష్టం కడతాం అని చెప్పు. పెట్టె వింటాంది."

మద్దిలేటి పెట్టెను చూశాడు. నన్ను గోడ చాటుకు లాగి చెవిలో చెప్పాడు. "అట్ల చెప్పేదానికి ల్యా. ఇది తప్పిపోయి మూడు దినాలాయె. పైకి చెప్పలా. లెక్కలో ఇప్పుడు కూడా స్టేషన్ ముందరే నిలబడుండాది. మాదని చెప్తే మేడానికి మాట వస్తాది, నా చొక్కా పోతాది."

"అయితే ఇది మీది కాదు."

"మాదే పెద్దనాయనా!"

"అయితే చెప్పు."

"చెప్పేదానికి ల్యా అంటాంటే!"

చెవిలో చెప్పినదాన్ని పెట్టెకు చెప్పకూడదని నేను మాట ఇవ్వలేదు. అందుకే చెప్తున్నాను.

అంతలో కుళ్ళాయమ్మ నాకు సంగటి తెచ్చింది. మద్దిలేటి ఆమె చేతిలోని పారను చూశాడు, కుక్క పగిలిన కన్నును చూశాడు.

"సెల్లెలా, మేడం నిన్ను రెండు మాటలు అడగల్లంట. రా." అంటూనే జేబులోంచి పసుపు పట్టీ తీసి ఆమె మణికట్టుకు తగిలించాడు. టక్కుమంది.

"ఏమిరా, అరెస్టు చేస్తాండావా?" అన్నాను.

"అయ్యో, లేదు. అరెస్టయితే ఎర్ర పట్టీ. ఇది పసుపు. ఆగమంటాండాం, అంతే."

"అయితే రాదు, పో."

"రావల్ల."

"రావల్లంటే అరెస్టే కదా."

"కాదు పెద్దనాయనా."

"రాకపోతే ఏం చేస్తావు?"

"అరెస్టు చేస్తా."

తల గోక్కున్నాను. కుళ్ళాయమ్మ సంగటి గిన్నె నా చేతిలో పెట్టింది. "సల్లారిపోతాది, తిను మామా. రెండు మాటలే కదా, వస్తా" అని పోయింది. దొడ్డిలోనుంచి కుక్క ఆమెకు కూడా చెప్పింది, మీరు అరెస్టులో లేరు అని.

శుక్రవారం, మొదటి కేక వేశాక

నేనూ వెనకే పోయి స్టేషన్ వసారాలో కూర్చున్నాను. లోపల ఒక గది, గోడ పొడుగునా బల్ల. గడప మీద పసుపు వెలుగు గీత. పసుపు పట్టీ ఉన్నవాళ్ళు ఆ గీత దాటితే తలుపు మూసుకుంటుంది. కుళ్ళాయమ్మ బల్ల మీద కూర్చొని కొంగుతో విసురుకుంటోంది. ఆ రెండు మాటలు ఇంకా ఎవరూ అడగలేదు.

ఎర్ర పట్టీ సంగతి నాకు తెలుసు. క్వారీ మేస్త్రీకి వేసినప్పుడు చూశాను. అది పడగానే గోడ గట్టిగా చెప్తుంది, ఫలానా మనిషిని ఫలానా తప్పుకు ఈ వేళకు అరెస్టు చేశాం అని. గోడ మీద గడియారం తిరగడం మొదలవుతుంది. ఇంటికి కబురు పోతుంది. వకీలును పిలుచుకోవచ్చు. పగలూ రాత్రీ ఒక చుట్టు తిరిగేలోపల జడ్జిగారి మొహం గోడ మీద కనబడాలి. పసుపుకు ఇవేవీ లేవు. గడియారం కూడా లేదు. పసుపుకు ఉన్న కట్టడి ఒక్కటే, ఎండ ముదరగానే మోగే ఎండ గంట దాటి ఉంచకూడదు. పసుపంటే కాసేపే అని దాని అర్థమట.

అందుకని గంట మోగేదాకా చూశాను. మోగింది. మద్దిలేటి పట్టీ విప్పి, గీత ఆర్పి, తలుపు బార్లా తెరిచాడు.

"పోవచ్చు సెల్లెలా."

కుళ్ళాయమ్మ గడప దాకా వచ్చి బయటికి చూసింది. బయట నిప్పు. ఎండ గంటకూ, ఎండ తగ్గాక మోగే దిగుడు గంటకూ మధ్య ఈ ఊళ్ళో కాకి కూడా తిరగదు. తిరిగితే పాదాలు ఊడొస్తాయి. పైగా తిరగడం తప్పు.

"యాడికి పోవాల అన్నా? పెనం మీదికా?" అంది.

"నీ ఇష్టం. నేను ఆపలా."

ఆమె మళ్ళీ బల్ల మీద కూర్చుంది. దిగుడు గంట మోగే ముందు కొత్త పట్టీ తగిలించాడు. ఎందుకురా అంటే ఆమె తనంతట తానే మళ్ళీ వచ్చింది, అడగవలసింది ఇంకా ఉంది, ఇది కొత్త ఆపడం అన్నాడు. నాకు తల తిరిగింది. నేను దొడ్డి మనిషిని. తాడు కడితే కట్టినట్టు, విప్పితే విప్పినట్టు. తాడు విప్పేసి, చుట్టూ మంట పెట్టి, "అది కదలడం లేదు, దాని ఇష్టం" అనే పద్ధతి మా తాత నాకు నేర్పలేదు.

"ఒరే మద్దిలేటీ, ఆమె ఇప్పుడు పట్టుకున్నట్టా, వదిలినట్టా?"

"రెండూ కాదు పెద్దనాయనా."

"మూడోది ఉందా?"

"నాకి మాత్రం తెలుసునా? నాకు నేర్పిచ్చింది అంతే."

ఆ మాట నిజంలాగే ఉంది. నేను వచ్చి దొడ్డి ముందు నిలబడి మొదటి కేక వేశాను. నాలుగు కాళ్ళది, ఒక కన్ను పోయినది, కుళ్ళాయమ్మ కొర్ర తొక్కినది, ఎవరిదో రండయ్యా! వీధి చివర మద్దిలేటి నిలబడి విన్నాడు. చెప్పులు చూసుకున్నాడు. పోయాడు.

శనివారం, దిగుడు గంట తర్వాత

ఈ రోజు నా కోడల్ని అరెస్టు చెయ్యండి అని అడగడానికి పోయాను. మా వంశంలో ఈ పని ఎవరూ చేసి ఉండరు.

కారణం చెప్తాను. పొద్దున్నే నీళ్ళ ఆఫీసుకి పోయాను. కిటికీలో ఉన్న అమ్మాయి మర్యాదస్తురాలు.

"తాతా, అరెస్టు కాగితముంటే వంతు నెల దినాలు పక్కన పెడతాం. పసుపు పట్టీకి పెట్టేదానికి ల్యా."

"లోపలున్న మనిషి బయటికెట్ల వస్తాది తల్లీ?"

"పసుపయితే బయటున్నట్టే లెక్క కదా తాతా. రావచ్చు కదా అంటారు పైన."

పదకొండేళ్ళ కిందట ఇదే కిటికీ, ఇదే మాట. మనిషి మాత్రం వేరు. ఆ పిల్లను తిట్టబుద్ధి కాలేదు.

దొడ్డిలో పాత గోనెలు నాలుగు ఉంటే కుడితి తొట్టిలో నానబెట్టి, నెత్తిన ఒకటి కప్పుకొని, మిగిలినవి చంకన పెట్టుకొని స్టేషన్‌కి పోయాను. ఎండ గంట మోగింది. మద్దిలేటి నిన్నటిలాగే పట్టీ విప్పాడు, తలుపు తెరిచాడు, పోవచ్చు అన్నాడు.

"రామ్మా, గోనెలు తడిపి తెచ్చినా. పోదాం" అన్నాను.

కుళ్ళాయమ్మ కళ్ళు మెరిశాయి. తడి గోనె కప్పుకొని గడప దాటింది. ఇద్దరం మెట్లు దిగాం. మద్దిలేటి నోరు తెరుచుకొని చూశాడు. వాడికి ఇది ఎవరూ నేర్పలేదు.

"పెద్దనాయనా! ఎండ గంటలో తిరిగేది తప్పు!"

"తప్పే కదా. అరెస్టు చెయ్. ఎర్రది తీసుకురా, రెండు తే!"

మద్దిలేటి మేడం అనే ఎస్సై హిమవర్షమ్మ వాకిట్లోకి వచ్చింది. చిన్న వయసే, చల్లగా మాట్లాడుతుంది. "హెడ్డుగారూ, ఎవర్నీ అరెస్టు చెయ్యకండి. తాతగారూ, లోపలికి రండి, నీడలో కూర్చోండి."

"తప్పు చేసినా చెయ్యరా మీరు?"

"మీ మంచికే చెప్తున్నాను."

"మా మంచి అక్కర్లేదమ్మా. కాగితం కావాల."

ముందుకే నడిచాను. పది బారలు పోయామో లేదో నేల నా చెప్పుల్లోనుంచి పైకి వచ్చింది. గోనె ఆరిపోయింది. మోకాలు మడతపడి కూలబడ్డాను. కుళ్ళాయమ్మ తన గోనె కూడా నా మీద వేసి, రెండు చంకల కింద చేతులు పెట్టి ఈడ్చుకుంటూ వెనక్కి తీసుకుపోయింది. ఆమె ఒక్కతే అయితే ఇంటికి పోయేది. కాళ్ళకు బలముంది. నేను పడ్డాను కాబట్టి వెనక్కి వచ్చింది. లెక్కలో మాత్రం తనంతట తానే వచ్చింది.

లోపల నీళ్ళు తాగించి, విసురుతూ తిట్టింది.

"నీ పంతం కొంపలు కూల్చేట్టుండాది మామా. నేనేమన్నా ఆదెప్ప చిన్నమామనా? ఆయన దినాలు ఆయనతోనే పోయినాయి. నాకు సోమవారం నీళ్ళు కావాల. ఆ కుంటికుక్కను వాళ్ళకి పారేసి నన్ను ఇంటికి తోడుకపో. అరెస్టంట, కాగితమంట!"

కొర్ర ఆమెది, అరచెయ్యి ఆమెది, బల్ల మీద నొప్పి పుట్టింది ఆమె నడుముకు. కోపం మాత్రం నాది.

శనివారం, రెండో కేక వేశాక

దిగుడు గంట కాగానే ఇంటికి వచ్చి దొడ్డి తాళంచెవి తీసుకొని మళ్ళీ స్టేషన్‌కి పోయాను. హిమవర్షమ్మ బల్ల మీద పెట్టాను.

"తోలుకుపోండి. ఎవరూ మాదని చెప్పక్కర్లేదు. పెట్టెకు నేనేదో చెప్పుకుంటాను. పిల్లను పంపండి."

ఇది చెప్పడానికి నాకు ఎంత కష్టమైందో రాయవద్దు పెట్టె.

ఆమె తాళంచెవి తీసుకోలేదు, నవ్వింది. "సంతోషం తాతగారూ. ఒక్క చిన్న పని. కుళ్ళాయమ్మగారు గోడ వైపు తిరిగి ఒక మాట చెప్తే చాలు, అది రాసుకుంటుంది. 'నా ఇష్టంతో వచ్చాను, నా ఇష్టంతో ఉన్నాను, నా ఇష్టంతో పోతున్నాను.' అంతే."

కుళ్ళాయమ్మ బల్ల మీదనుంచి లేచింది. గోడ వైపు తిరిగింది. నేను ఊపిరి వదిలాను. ఆమె చెప్పలేదు. ఇటు తిరిగింది.

"ఇంకోతూరి చెప్పండి మేడం."

ఎస్సై మళ్ళీ చెప్పింది.

"నన్ను రమ్మనింది మద్దిలేటన్న కదా?"

"అవును, కానీ మీరు వచ్చారు కదా."

"పట్టీ తగిలిచ్చినారు కదా?"

"అది మీ రక్షణకే."

కుళ్ళాయమ్మ మణికట్టు మీది పట్టీని తిప్పి చూసుకుంది. తర్వాత నన్ను కాదు, మద్దిలేటిని అడిగింది. "అన్నా, మా చిన్నమామ ఆదెప్పను కూడా ఇట్లనే చెప్పమన్నారా?"

మద్దిలేటి అప్పట్లో కొత్త కానిస్టేబులు. వాడు ఎస్సైని చూశాడు, నన్ను చూశాడు.

"చెప్పమన్నారు. నాలుగు దినాలు చెప్పలా. 'నా ఇష్టం కాదు, నేను చెప్పను' అని బల్ల మీదనే ఉండె. ఐదో దినం చెప్పినాడు. చెప్పినాకనే తలుపు తీసినాం."

పదకొండేళ్ళుగా ఎక్కడున్నాడో అడిగాను గాని, ఏం చేస్తూ ఉన్నాడో అడగాలని నాకు తోచలేదు. నా తమ్ముడు ఆ నాలుగు రోజులూ ఒక మాట నోట్లో పట్టుకొని కూర్చున్నాడు. పిచ్చోడు, నీళ్ళు పోయాక వదిలాడు. లేక నీళ్ళు పోయాయి కాబట్టే వదిలాడేమో. ఇంటికి వచ్చి ఆ మాట నాకు చెప్పలేదు. నేను పెద్దవాణ్ణి, కోపిష్టిని. నాకు ఎట్లా చెప్తాడు?

కుళ్ళాయమ్మ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి తాళంచెవి తీసి నా జేబులో వేసింది.

"నేను చెప్పను మేడం."

"ఏమమ్మా ఇది? ఎండలో తిట్టినావు కదా నన్ను? నీళ్ళు?" అన్నాను.

"నీళ్ళకు అరచెయ్యి చాలు మామా. నోరు నాది, నేను పెట్టుకుంటా. వచ్చింది వాళ్ళు పిలిస్తే. కూచున్నది వాళ్ళు కూచోబెడితే. నా ఇష్టమంటే నాకు నేనే కాపలా కాసినట్ల కాదా?" పైట సర్దుకుంది. "నువ్వు పో. పొద్దు గుంకుతాంది. కేక వెయ్యాల కదా."

వచ్చి రెండో కేక వేశాను. ఎవరూ రాలేదు. కుక్క మాత్రం అరెస్టులో లేరు, అరెస్టులో లేరు అని నన్ను ఓదార్చింది.

ఆదివారం, పొద్దున

మేత పెట్టాను. కన్ను చుట్టూ తుడిచాను. తర్వాత స్టేషన్ ముందుకు పోయి, నడి వీధిలో నిలబడి, మా దొడ్డి ముందు సొంతదారులు చెప్పే మాట నేను చెప్పాను. ఇన్నేళ్ళుగా వినడమే గాని చెప్పడం ఎరగను.

"మీ దొడ్డిలో ఉన్న మనిషి మా మనిషి! పేరు కుళ్ళాయమ్మ! ఆమె ఏం పాడు చేసిందో చెప్పండి, నష్టం కట్టి తోడుకుపోతాను!"

నీళ్ళ బిందెలతో పోతున్న ఆడవాళ్ళు ఆగారు. మద్దిలేటి పరిగెత్తుకొచ్చాడు.

"అరవద్దు పెద్దనాయనా. లెక్కలో లోపల ఎవరూ లేరు."

లోపలినుంచి కుళ్ళాయమ్మ గొంతు వినబడింది. "మరి నేనెవరన్నా, గోడకి కొట్టిన మేకునా?"

బిందెల ఆడవాళ్ళు నవ్వారు. మద్దిలేటి కూడా ఒక్క క్షణం నవ్వబోయి ఆపుకున్నాడు. వాడి మొహం చూస్తే వాడి మీద కూడా ఎవరో పసుపు గీత గీసినట్టుంది. వాడు చెప్పలేడు, చెప్పకుండా ఉండలేడు.

తిరిగి వచ్చాను. ఇక ఇది ఎస్సై హిమవర్షమ్మకు. పెట్టె, ఈ పద్దు మొదటినుంచి చివరిదాకా ఇప్పుడే ఆమెకు పంపు. దొంగతనంగా కాదు, చెప్పే పంపు.

అమ్మా, మీరు చదువుకున్నవారు. నేను మూడు రోజులుగా ఆలోచించి అలసిపోయాను. నా దొడ్డిలో ఉన్నది మీ లెక్కలో మీ వాకిట్లో ఉంది. మీ గదిలో ఉన్నది మీ లెక్కలో వీధిలో ఉంది. నేను చూస్తే కుక్క ఇక్కడ, మనిషి అక్కడ. ఎవరి కళ్ళు చెడ్డాయో నాకు తెలియడం లేదు.

ఒక్క మాట చెప్పండి. కుళ్ళాయమ్మను అరెస్టు చేశారా, లేదా?

చేసి ఉంటే ఎర్ర పట్టీ వెయ్యండి. పోలీసు కుక్క కన్ను పారతో పగలగొట్టింది అని గోడ చేత గట్టిగా చెప్పించండి. ఎక్కడ పగలగొట్టిందో కూడా చెప్పించండి. గడియారం తిప్పండి, జడ్జిగారిని పిలవండి, నా చేతికి కాగితం ఇవ్వండి. నేను దాన్ని నీళ్ళ ఆఫీసు కిటికీలో పెడతాను, వంతు ఆగుతుంది. మేం ఏడవం, జడ్జిగారి ముందే పోట్లాడుకుంటాం.

చెయ్యకపోతే దిగుడు గంట మోగాక తలుపు తియ్యండి. నేను వాకిట్లో ఉంటాను. ఆమె గోడకు ఏమీ చెప్పదు. ఊరికే నడిచి వస్తుంది.

ఈ రెండూ కాక మూడోది ఒకటుంది అంటే, దాని కట్టడి ఏమిటో చెప్పండి. దానికి మేత పెట్టేది ఎవరు? ఒళ్ళు కడిగేది ఎవరు? ఊరికి కేక వేసేది ఎవరు, ఎన్ని సాయంత్రాలు? పరాయి చేలో పడ్డ గొడ్డుకు మా తాత ఇచ్చినవి మనిషికి మీరు ఇస్తారా, ఇవ్వరా?

ఆదెప్పకు ఎవరూ కేక వెయ్యలేదు. నేను కూడా వెయ్యలేదు.

జవాబు ఈ రోజు, ఆదివారం, పొద్దు గుంకేలోగా రావాలి. గుంకిందంటే మూడో కేక వేస్తాను. మీరు వచ్చి మాది అంటే నష్టం కట్టించుకొని మీ కుక్కను మీకిస్తాను, ఒక్క గంట కూడా ఆపను. ఎవరూ రాకపోతే ఈ పద్దు ఊరి పలక మీద పడుతుంది, వేలం మొదలవుతుంది. రేపు తెల్లవారుజామున తూము దగ్గర ఒక అరచేతికోసం ఊరంతా చూస్తుంది.

అందాకా నేను దొడ్డి వాకిట్లోనే నిలబడి ఉంటాను. నన్ను ఎవరూ ఆగమనలేదు. ఇది నిజంగా నా ఇష్టం.